కుందేలు కాసిన పందెం

అడవిలో పేకాట పోటీ చివరికి వచ్చేసరికి నక్క, కుందేలు మిగిలాయి. ఎవరి బొరియలో వాళ్లు కూర్చుని ఆడుతుంటే, గోరింక కబుర్లు మోస్తోంది.

"నక్క తన వేరుశనక్కాయలన్నీ పందెం కాసింది. నువ్వూ అన్నీ కాస్తావా, ముక్కలు పడేస్తావా?" అని గోరింక అడిగింది.

కుందేలు తన ముక్కలు చూసుకుంది. ఓడితే వానాకాలమంతా పిల్లలకు పస్తులే. చాలాసేపు ఆలోచించి, ముక్కలు పడెయ్యబోయింది.

అంతలో గోరింక మళ్లీ వచ్చింది. "పిల్లలున్నదానివి, ఎందుకొచ్చిన గొడవ, పడేసి హాయిగా పడుకోమంటోంది నక్క."

"నా మీద నక్కకంత ప్రేమా? అయితే నేనూ అన్నీ కాశానని చెప్పు!" అంది కుందేలు.

కాసేపటికి గోరింక ఎగిరొచ్చింది. "గెలిచావు! నక్క దగ్గర ఒక్క మంచి ముక్కా లేదు. కాయలు మాత్రం నువ్వే దాని బొరియలోకి వచ్చి పట్టుకెళ్లాలట."

కుందేలు మళ్లీ ఆలోచనలో పడింది.