ఒక్కడికే మాత్ర

మాత్ర వేసుకుంటే ఆనంద్‌కు మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. అందుకే సోమక్క ముందుగా ఇడ్లీ తుంచి, నెయ్యి అద్ది మనవడి నోట్లో పెడుతుంది.

మగ్గం దగ్గర వాడి నాయన కుమారస్వామి నేత ఆపి అదే చూస్తుంటాడు.

"నాకెప్పుడన్నా ఇట్ల తినిపిస్తివా, మా?"

"నువ్వు ఒక్కచోట కుదురుగా ఉంటే కదరా తినిపించేది!"

"వాడు ఉంటాడా?"

"వానికి జబ్బుండాదప్పా. డాక్టరు చెప్పినాడు కదా."

ఆ కుదురులేనితనానికే కుమారస్వామిని ఆమె మగ్గం గుంజకు కట్టేసేది. పసుపు కొమ్ము కాల్చి వాత పెట్టింది. ఐదో తరగతిలో బడి మాన్పించింది. ఇప్పటికీ చీర అంచులో పోగు తప్పితే, "బుద్ధి యాడ పెట్టినావురా?" అంటుంది. ఆనంద్ పుస్తకాలు పారేసుకొస్తే మాత్రం "పాపం" అంటుంది.

ఒక్కసారి "నీదీ జబ్బేరా" అంటే చాలు కుమారస్వామికి. ఆమె అనదు.

ఓ సోమవారం మాత్రల అట్ట కనబడలేదు. బడికి వేళైంది. సోమక్క బియ్యం డబ్బా కూడా కుమ్మరించి వెతికింది. ఆనంద్ వాకిట్లో గిరగిరా తిరుగుతున్నాడు. చివరికి కుమారస్వామి చొక్కా జేబులోంచి అట్ట తీసి ఇచ్చాడు.

"నువ్వు దాస్తివా! ఎందుకురా?"

"నేనూ ఏసుకుందామని. ఏసుకునేకి భయమైంది."

"ఏమబ్బా, పిల్లోనితో పోటీనా నీకు?"

అతను పోయి మగ్గం ముందు కూర్చున్నాడు.

నెలాఖరున ముగ్గురూ ధర్మవరంలో రైలెక్కారు. కిటికీ పక్క సీటు ఆనంద్‌దే. పెనుకొండ దాటేసరికి వాడు సోమక్క ఒళ్లో నిద్రపోయాడు. ఆమె వాడి జుట్టు నిమురుతూనే ఉంది. తనకు ఆ ఒడి ఎలా ఉండేదో ఎంత ఆలోచించినా కుమారస్వామికి గుర్తు రాలేదు.

హిందూపురంలో డాక్టరు ఆనంద్ బరువు చూశాడు. మాత్రలు మళ్లీ రాశాడు. రాస్తూ అడిగాడు.

"ఇది కొన్ని కుటుంబాల్లో వస్తూ ఉంటుందమ్మా. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

కుమారస్వామి గోడవైపు చూశాడు. ఆమె లేదనే చెబుతుందని అతనికి తెలుసు.

సోమక్క తన కుర్చీలోంచి లేచి, కుమారస్వామిని అందులో కూర్చోబెట్టి అంది: "వీనికి ఉండాది సార్, ఈ పిల్లోని నాయనకు."