పైవాడి చప్పుళ్లు

“ఏమండీ, గుర్రాలొచ్చాయి! రండి!”

“కుర్రాళ్లా? ఎంతమంది? టీ ఎన్ని కప్పులు పెట్టను?” వంటింట్లోంచి అరిచాడు కళ్లజోళ్లాయన.

“కుర్రాళ్లు కాదు మహానుభావా, గుర్రాలు! టీవీలో!”

స్టవ్ ఆపి పరుగెత్తుకొచ్చాడు.

వందేళ్ల కిందటి నవలని సీరియల్‌గా తీశారు. దొరగారు అలిగి వెళ్లిపోతాడు. దొరసాని కిటికీ దగ్గర నిలబడుతుంది. వారం వారం గుర్రబ్బండి వస్తుంది, అందులో దొరగారు మాత్రం రాడు.

కళ్లజోళ్లాయన ఊరందరి చూపూ సరిచేస్తాడు. ఈ సీరియల్ మాత్రం కళ్లు మూసుకుని చూస్తాడు.

“విన్నావుటే? గుర్రం మన గుండెల మీద నడిచినట్టు లేదూ? చప్పుడంటే అదీ!”

అది ఆదివారం సాయంత్రం.

సోమవారం మధ్యాహ్నం అదే భాగం మళ్లీ వేస్తారు. షాపు మూసి, భోజనం వంకతో వచ్చి మళ్లీ కూర్చుంటాడు.

ఏడవడానికి దొరసాని అలా నోరు తెరిచిందో లేదో, పైవాటాలో మొదలు.

టక టక. సర్ర్. దబ్. టక టక.

పైన కొత్తగా దిగిన ముసలాయన. ఒంటరి. ఏం చేస్తాడో ఎవరికీ తెలీదు.

“పోనిద్దురూ. అన్నిటికీ పైవాడున్నాడు, ఓర్చుకోండి.”

“ఆ పైవాడున్నాడనేగా నా ఏడుపు!”

రిమోట్ విసిరేసి మెట్లెక్కాడు.

ముసలాయన తలుపు తీశాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు. చేతిలో రెండు కొబ్బరి చిప్పలు, చంకలో నలిగిన పట్టుచీర. వెనక చెక్క నేల మీద కంకర పోసిన పళ్లెం.

కళ్లజోళ్లాయన ఒకడుగు వెనక్కి వేశాడు.

“ఏంటండీ ఈ గోల? కింద మనుషులున్నారు!”

“క్షమించండి బాబూ. నేను చేసేది ఏంటంటే...”

“మీరు చేసేది నాకు వినపడుతూనే ఉంది! సీరియల్ చూడనివ్వరా?”

ముసలాయన మొహం వెలిగింది. “ఆదివారం చప్పుడు చెయ్యనండీ. నేనూ చూస్తాను.”

“చూస్తే సరా? వినడానికి చెవులుండాలి!”

కిందికొచ్చి ఇంటి ఓనరుకి ఫోన్ చేశాడు. “ఆయనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి.”

పాత కిరాయిదారు మాటే చెల్లింది. వారం తిరక్కుండా ముసలాయన ట్రంకుపెట్టె దింపుకున్నాడు.

గుమ్మం దగ్గర కళ్లజోళ్లాయన భార్య కనిపిస్తే ఆగాడు.

“ఆ సీరియల్లో మీకేం నచ్చుతుందమ్మా?”

“దొరసాని కన్నా, గుర్రాలొచ్చే చప్పుడండీ.”

ముసలాయన రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆవిడకి అర్థం కాలేదు.

పైన నిశ్శబ్దం. కళ్లజోళ్లాయన కాళ్లు చాపుకుని మరీ సీరియల్ చూశాడు.

మూడో ఆదివారం గుర్రాలొచ్చాయి.

ఆయన కళ్లు తెరిచాడు.

“ఇదేంటే? గుర్రం హవాయి చెప్పులేసుకుందా?”

“టీవీ పోయిందేమోనండీ.”

సౌండు పెంచాడు. తగ్గించాడు. టీవీ వీపు మీద చరిచాడు. గుర్రం చెప్పుల్లోనే నడిచింది. దొరసాని తిరిగితే చీర కాగితంలా పలికింది.

మర్నాడు మెట్ల దగ్గర గొడవ. మెడలో హెడ్‌ఫోన్లు వేసుకున్న ఒకాయన ఓనరుని నిలదీస్తున్నాడు. భార్యాభర్తలిద్దరూ బయటికొచ్చారు.

“ఖాళీ చేయించారా? ఎందుకండీ?”

ఓనరు కళ్లజోళ్లాయన వైపు చూశాడు. కళ్లజోళ్లాయన గొంతు సవరించుకున్నాడు.

“ఒకటే చప్పుడండీ. మా సీరియల్ వినపడేది కాదు.”

“ఏ సీరియల్?”

కళ్లజోళ్లాయన చెప్పాడు. వచ్చినాయన నెత్తి పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

“ఈ చెక్క నేల బాగా పలుకుతుందని ఏరికోరి ఇక్కడ దిగారు. ఇప్పుడెక్కడున్నారో తెలీదు, ఫోన్ ఎత్తడం లేదు.”

“ఎవరండీ ఆయన?” అడిగిందావిడ.

“మా సీరియల్లో గుర్రాలు నడిచేది కాళ్లతో కాదమ్మా, ఆయన చేతులతో.”