మూడో ప్రకరణంలో చెల్లెలు

"నేను చచ్చిపోలేదని రెండు ముక్కలు రాసివ్వక్కా! నీ కాళ్లు పట్టుకుంటాను."

అక్క ప్రూఫుల మీంచి తలెత్తలేదు. ఆమె నవల నలభయ్యో ముద్రణ సాయంత్రం అచ్చుకు వెళుతోంది. చదవనివాళ్లు లేని నవల, బడిపిల్లలకు పాఠం కూడా. అందులో కథ చెప్పే అక్కకు మూడువందల పేజీలు. చెల్లెలికి ఒకే ఒక్క పేరా. మూడో ప్రకరణంలో జ్వరమొస్తుంది, పోతుంది.

ఆ చెల్లెలు చంకలో కాగితాల కట్టతో ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉంది. పంతులమ్మగా ముప్పయ్యేళ్లు ఆ పాఠమే చెప్పింది. "చెల్లెలి మరణాన్ని వర్ణింపుము" అన్న ప్రశ్నకు జవాబులు దిద్దింది. ఎవరు బాగా చంపితే వాళ్లకు ఎక్కువ మార్కులు. పగవాడికి కూడా వద్దు అలాంటి ఉద్యోగం. రిటైరయ్యాక ఉక్రోషం పట్టలేక అదే కథను చెల్లెలి వైపు నుంచి రాసుకుంది.

"ఎవరు తెమ్మన్నారే ఈ కాగితం?"

"నీ పబ్లిషరే. చనిపోయినావిడ కథెలా చెబుతుందండీ అని నవ్వాడు. ఆ చెల్లెల్ని నేనే బాబూ అన్నాను. అయితే అక్కగారి చేత రాయించుకు రండి, ఆవిడ పుస్తకంతో పాటే మీదీ వేస్తానన్నాడు. సాయంత్రం దాకే గడువు."

"ఈ వయసులో నీకీ గోలెందుకే?"

"ఇప్పుడు కాకపోతే నిజంగా పోయాక రాసిస్తావా? మొగుడా, పిల్లలా? నేనూ ఉన్నానని చెప్పుకోడానికి నాకింకేముంది? ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నాను. చంపితే చంపింది, తన కథలో నాకూ ఇంత చోటిచ్చిందిలే అనుకున్నాను."

అక్క కళ్లజోడు తీసి తెల్లబోయి చూసింది.

"జ్వరంతో పోయిన పిల్ల నువ్వనుకున్నావా?"

"మరి?"

"అయ్యో పిచ్చిదానా! అది పక్కింటి టైలరుగారి చిన్నకూతురే. నేను నవల రాస్తున్న ఏడే నిజంగా పోయింది, పాపం. కథకు పనికొస్తుందని చెల్లెల్ని చేశాను."

చంకలోంచి కట్ట జారి కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. చెల్లెలు వంగి తీసుకోలేదు.

"మరి నేనక్కా? నేనే పేజీలో ఉన్నాను?"

అక్క ప్రూఫులు ముందుకీ వెనక్కీ తిరగేసింది. నిజంగానే వెతికింది. చివరికి నాలిక కరుచుకుంది.

"నిన్ను రాయడం మర్చిపోయానే!"