పాట తప్ప పలకని ఫోను

"ఆ పాటలవాడు మళ్ళీ చేస్తే ఫోను పెట్టెయ్యండి, నర్సక్కా," అన్నారు పాస్టరుగారు గుమ్మంలో నిలబడి.

"ఎలా పెట్టేస్తానయ్యగారూ? ఆ మనిషి ఏదో కష్టంలో ఉన్నాడు."

"కష్టంలో ఉన్నవాడు నోరు తెరిచి చెప్పుకుంటాడు. రోజూ ఫోన్ చేసి, ఒక్క ముక్క మాట్లాడకుండా ఆ గిటార్ల రొద వినిపించేవాడికి మనమేం చేస్తాం? నిజంగా అవసరమున్నవాళ్ళకి లైను దొరకొద్దూ?"

నర్సక్క తల వంచుకుంది. ఆసుపత్రి నుంచి రిటైరయ్యాక ఆవిడ సాయంత్రాలు చర్చి కింది గదిలో ప్రార్థన ఫోను దగ్గర కూర్చుంటోంది. అక్కడి పద్ధతి ఒకటే. పేరడగకూడదు, ఊరడగకూడదు. ఒక బైబిలు వాక్యం చెప్పి, ప్రార్థన చేసి, పెట్టెయ్యాలి. పాస్టరుగారికి ఎదురుచెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. భార్యను సమాధి చేసిన మర్నాడే ఆరాధన నడిపించిన మనిషాయె. కంట తడి పెట్టలేదు. విశ్వాసమంటే అదీ అని సంఘమంతా చెప్పుకుంది. పోయిన ఆదివారమే కుర్రాళ్ళ దగ్గర ఇలాంటి పాటల సీడీ ఒకటి లాక్కుని, ఇవి సాతాను పాటలని చీవాట్లు పెట్టారు కూడా.

"ఇంకో మాట. ఆ కెటిల్ జోలికి వెళ్ళకండి. మీ టీ కోసం బిల్డింగంతా చీకటవుతోంది."

ఈ మాట మాత్రం న్యాయమే. ఆ పాత వైరింగు కెటిల్‌ను ఓర్చుకోలేదు. నర్సక్క ప్రాణం టీ లేకుండా ఓర్చుకోలేదు. ఆవిడ స్విచ్ వేయడం, ఫ్యూజు టప్పుమనడం, పై అంతస్తులో కాపురముండే పాస్టరుగారు "నర్సక్కా, మళ్ళీ కెటిల్ పెట్టారా?" అని మెట్ల మీద నుంచి కేకేయడం, ఈ మూడూ ఆ చర్చిలో ఆదివారం గంటంత మామూలైపోయాయి.

ఆయన వెళ్ళిపోయారు. దీపాలు పెట్టే వేళకి ఫోను మోగింది.

"ప్రార్థన లైను. చెప్పండి."

మాట లేదు. అదే పాట. డ్రమ్ముల బాదుడు, గొంతు చించుకుని ఎవడో అరవడం. మొదటి రోజు నర్సక్క రిసీవరును చెవికి జానెడు దూరంలో పట్టుకుంది. "మీ పాటవాణ్ణి ఉప్పునీళ్ళు పుక్కిలించమను నాయనా," అని కూడా అంది. అవతల నవ్వులాంటి ఊపిరి ఒకటి వినిపించి ఆగిపోయింది.

వినగా వినగా మాటలు తెలిసొచ్చాయి. ఫ్యాక్టరీ మూసేశారట. ఇంట్లో పొయ్యి వెలగలేదట. తలుపు తట్టిన ప్రతిచోటా లోపల దీపం ఆర్పేశారట. చివర్లో మాత్రం అరుపు తగ్గించి, నాకేమీ చెప్పొద్దు, కాసేపు పక్కన కూర్చో చాలు అంటాడు.

ఇది సాతాను పాట ఎలా అవుతుందో ఆవిడకు అర్థం కాలేదు. సిలువ మీద ప్రభువు మాత్రం రాగం తీశాడా? నన్నెందుకు వదిలేశావని కేకేగా వేశాడు! పట్టుబడే ముందు తోటలో శిష్యుల్ని అడిగింది కూడా ఇదేగా, కాసేపు నాతో మేలుకుని ఉండండని. వాళ్ళు నిద్రపోయారు. తనూ ఫోను పెట్టేస్తే వాళ్ళకీ తనకీ తేడా ఏముంది?

పెట్టలేదు.

పాట అయిపోయింది. మళ్ళీ మొదలయ్యేలోపు సన్నగా ఒక చప్పుడు. సీసా మూత తిరిగింది. మాత్రలు గలగలా అరచేతిలోకి రాలాయి. బతుకంతా మాత్రలు పంచిన మనిషి ఆవిడ.

"నాయనా! చేతిలో ఏంటవి? కింద పెట్టు. నా మాట విను!"

డ్రమ్ములు మొదలయ్యాయి.

"ఎక్కడున్నావో చెప్పు తండ్రీ. పేరొద్దు, వీధి చెప్పు చాలు. పరిగెత్తుకొస్తాను."

పాట వెనకాల ఎవరో వెక్కుతున్నారు. అంతే.

కంఠతా వచ్చిన వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. పాస్టరుగారైతే ఏదో ఒకటి చెప్పగలరు. కానీ ఆయన్ని పిలవాలంటే రిసీవరు వదలాలి, వదిలితే ఈ మనిషి దక్కడు. ఇంత పెద్ద లోకంలో ఏ మూలనున్నాడో!

"నాకేం చెప్పాలో తెలీట్లేదు నాయనా," అంది ఏడుస్తూ. "ప్రార్థన కూడా రావట్లేదు. ఆ పాటవాడే నాకంటే బాగా ప్రార్థన చేస్తున్నాడు. నేను నీ పక్కన కూర్చుంటాను. ఎంతసేపైనా కూర్చుంటాను. అవి అవతల పారేసి, లేచి కాస్త టీ పెట్టుకో. ఇదిగో, నేనూ పెడుతున్నా. ఇద్దరం కలిసి తాగుదాం."

ఏమీ చేతకానప్పుడు వార్డుల్లో ఇన్నేళ్ళూ ఆవిడ చేసింది అదే. చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోయింది.

టప్పు!

లైటు పోయింది. ఫ్యాను ఆగింది. వీధికి అవతల టైలరు దుకాణంలో మాత్రం దీపం వెలుగుతూనే ఉంది, మిషను తిరుగుతూనే ఉంది. రిసీవరులో పాట కత్తిరించినట్టు ఆగిపోయింది.

"నాయనా! ఉన్నావా? పలుకు, నీకు పుణ్యముంటుంది, పలుకు!"

అప్పుడు, ఇన్నాళ్ళలో మొదటిసారి, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు ఒకటి అలవాటు చొప్పున అడిగింది:

"నర్సక్కా... మళ్ళీ కెటిల్ పెట్టారా?"