పదకొండు గూళ్ల గిజిగాడు

దిగుడుబావి మీదికి వంగిన ఈతచెట్టుకి పదకొండు గూళ్లు వేలాడుతుండేవి. పదకొండూ ఒకే గిజిగాడివి. ఆ మహానుభావుడికి పెళ్లాం లేదు, పిల్లలు లేరు, తీరిక అసలే లేదు.

గిజిగాళ్లలో ఆచారం ఏమిటంటే, మగవాడు గూడు సగం అల్లి పిలుస్తాడు. ఆడపక్షి వచ్చి చూసి, నచ్చితే కాపురానికి దిగుతుంది. మిగతా సగం ఆ తర్వాతే.

ఆ వానాకాలం ఒక ఆడపక్షి వచ్చింది. గూటిని ముక్కుతో లాగి చూసి, "గట్టిగానే ఉంది. ఉంటాను," అంది.

"కాస్త ఆగు, ఈ ఒక్క వరసా అయిపోనీ," అన్నాడు గిజిగాడు తల తిప్పకుండానే.

వరస అయింది. అంచు నచ్చలేదు. విప్పి మళ్లీ అల్లాడు. ఆమె మూడు రోజులు వానలో తడిసి, పక్క చెట్టువాడి వంకర గూట్లోకి వెళ్లిపోయింది.

వానలు వెనకబట్టేసరికి ఆ వంకర గూట్లోంచి ఓ పిల్ల ఎగిరొచ్చింది.

"మామా, ఇన్ని గూళ్లలో ఎవరుంటారు?"

"ఎవరైనా ఉంటే అల్లిక నలిగిపోదూ!" అని కసిరాడు గిజిగాడు.

అన్నాక ఆ మాట తన చెవినే పడింది. కడుపునిండా తిని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. బతుకంతా గడ్డిపోచల పాలైందని అప్పుడు తెలిసొచ్చింది. ఏడుపు ముంచుకొచ్చింది.

ఉత్తినే కూర్చుని ఏడవడం చేతకాక, పాపం, పన్నెండోది మొదలుపెట్టాడు.