గంటసేపటి ఎండ

"ఈ రాత్రి కూడా ఆ బల్బు ఆరిపోతే రేపు జనరేటర్ కొంటాను, నీకు ఎగ్జిట్ కొడతాను" అని వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్ అబూ ఫహద్ కారు దిగకుండానే చెప్పేశాడు. చెప్పింది అరబ్బీలోనే అయినా సదానందానికి ముక్క ముక్కా అర్థమైంది. ఎగ్జిట్ అంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపేయడమే.

సదానందం సౌదీలోని తాయిఫ్ బజారులో అబూ ఫహద్ కరెంటు సామాన్ల దుకాణంలో ఎలక్ట్రీషియన్. అదే కఫీల్‌కు షఫా కొండ మీద మేకల మంద ఉంది. అక్కడికి కరెంటు లైను లేదు. పొగ కక్కే పాత జనరేటర్‌ను అమ్మించి, మేకల షెడ్డు రేకుల మీద సోలార్ పలకలు పెట్టించింది సదానందమే. వేసవిలో అవి రాజాలా పనిచేశాయి. కఫీల్ చుట్టాలందరినీ కొండెక్కించి మరీ చూపించాడు. ఆ వైభోగమంతా చలికాలం వచ్చేదాకే.

చలికాలం రాగానే పొగమంచు కొండను మింగేసింది. మేకలు ఈనేదీ అప్పుడే. పుట్టిన పిల్లలకు రాత్రంతా వేడి బల్బు వెలగాలి, లేకపోతే చలికి బిగుసుకుపోతాయి. మొదటి వారం సూర్యుడి మొహమే కనబడలేదు. బ్యాటరీ ఖాళీ అయి బల్బు ఆరిపోయింది. అది ఎవరి తప్పూ కాదని కఫీల్ కూడా ఒప్పుకున్నాడు. కానీ ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మంచు విడిపోయి, ఓ గంటసేపైనా చురుక్కుమనే ఎండ కాస్తోంది. ఆ పలకలకు ఆ ఎండ చాలు. బల్బు తెల్లవార్లూ వెలగాలి. అదేమో రాత్రి తొలిజాములో చేసే ఇషా నమాజు కాకముందే కళ్లు మూస్తోంది.

ఇంటికి ఫోన్ చేసి గోడు చెప్పుకుంటే భార్య సునీత పడీ పడీ నవ్వింది. సౌదీలో ఎండకు కరువు వచ్చిందంటే మెట్‌పల్లిలో ఎవరూ నమ్మరంది. నమ్మకపోతే మానె, ఎగ్జిట్ కొడితే తన మొహం చూసి నమ్ముతారులే అనుకున్నాడు సదానందం.

ఇంతవరకూ ఒక్క పిల్ల కూడా చావలేదంటే అది నర్సింలు పుణ్యమే. మేకలు కాసే నర్సింలు సిద్దిపేట వైపు కురుమాయన. విమానం ఎక్కేటప్పుడు గొంగడి వెంట తెచ్చుకున్నాడని తోటివాళ్లు నవ్వారట. బల్బు ఆరిపోగానే ఆ గొంగడినీ, ఇక్కడ కొన్న రగ్గులనూ పిల్లల మీద కప్పి, తల్లిలా వాటి మధ్య కూర్చునేవాడు. సదానందం ఓసారి ఆ గొంగడి కింద చెయ్యి పెట్టి చూశాడు. పొయ్యి పక్కన కూర్చున్నంత వెచ్చగా ఉంది. ఒక్క పిల్ల పోయినా తనను ఏనాడో విమానం ఎక్కించేవాళ్లని సదానందానికి తెలుసు. అందుకే కొండకు ఎప్పుడు వచ్చినా నర్సింలుకు కోడికూర తేకుండా రాడు.

దుకాణం మూశాక సాయంత్రాలు వచ్చి వైర్లు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, చివరికి కంట్రోలర్ కూడా మార్చాడు. బల్బు తీరు మాత్రం మారలేదు. ఇవాళ కఫీల్ కారు అలా వెళ్లగానే నర్సింలుకు ఫోన్ చేశాడు.

"అన్నా, నిన్న ఎండ వచ్చిందా?"

"మస్తు వచ్చింది తమ్మీ."

"పలకల మీద దుమ్ము గిట్ల ఉన్నదా?"

"దుమ్మేడిది? దినాం తుడుస్త. అద్దంలెక్క ఉన్నయ్."

"చెట్టు నీడ పడ్తలేదు గదా?"

"ఈ గుట్ట మీద చెట్టేడిది తమ్మీ?"

నర్సింలు అబద్ధం ఆడే మనిషి కాదు. ఇక కళ్లారా చూసుకోవాల్సిందేనని సదానందం దుకాణం వదిలేసి, పక్క కొట్టు దిలావర్ పికప్ అడిగి తీసుకుని మిట్టమధ్యాహ్నం కొండెక్కాడు. ఘాటు రోడ్డంతా పట్టపగలే లైట్లు వేసుకుని నడపాల్సి వచ్చింది. పైకి చేరేసరికి మంచు పక్కకు తప్పుకుంది. ఎండ నెత్తి మీద చుర్రుమంది. ఆ ఎండకు అతని ప్రాణం లేచి వచ్చింది.

ఆ ఉత్సాహంతో నేరుగా బ్యాటరీ గదిలోకి వెళ్లి మీటర్ చూశాడు. బయట అంత ఎండ ఉంటే పలకల నుంచి వచ్చే కరెంటు సున్నా. తను మెట్‌పల్లి బస్టాండులో పెట్టెతో దిగుతున్నట్టు కళ్ల ముందు కనిపించింది. బయటికి వచ్చాడు. షెడ్డుకు నిచ్చెన ఎవరో ముందే వేసి ఉంచారు. గబగబా పైకెక్కాడు.

పైన నర్సింలు గొంతుక్కూర్చుని, ఒక పలక మీద పరిచిన గొంగడిని రెండో వైపు ఎండకు తిప్పుతున్నాడు. మిగిలిన పలకల మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రగ్గులు పరిచి ఉన్నాయి. గాలికి ఎగరకుండా అంచుల్లో రాళ్లు పెట్టాడు. ఉన్నికి మట్టి అంటకుండా ముందు అద్దాలు తుడిచిన బట్ట పక్కనే ఉంది.

సదానందం దగ్గర్లోని రగ్గు అంచు ఎత్తి చూశాడు.

"గివన్నీ ఈడెందుకు పరిచినవే అన్నా?" అన్నాడు.

"కింద ఏ గోడ చూసినా చెమ్మనే తమ్మీ. ఈ నల్లద్దాలైతే తొందరగ కాగుతయ్. ఎండ పోయేదాక కాగబెట్టి, మడతేసి మూట గడ్త. రాత్రి గా వేడే పిల్లలను బతికిస్తున్నది."

నర్సింలు గొంగడి మీద ప్రేమగా చెయ్యి వేసి రాశాడు. సదానందం మొహం పాలిపోయి ఉండటం చూసి జాలిపడి, భుజం తట్టాడు.

"నువ్వేం రంది పెట్టుకోకు. నీ బల్బు తెల్లారేదాక ఎలిగిన్నాడు ఇవి పరుచుడు బంద్ జేస్త తియ్."