జావెల్ వాసన

“చూడండర్రా, రౌదా కొత్త మందు పరీక్షకి పెట్టిన గాజు పళ్ళేల్లో ఒక్క బాక్టీరియా చుక్కయినా లేదు!” అని మా పెద్దాయన మొంజీ ల్యాబంతా చాటాడు. “ఆసుపత్రి బల్లలు తుడవడానికి ఇదే మందు.”

నా ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న చేరిన పిల్ల!

“మొంజీగారూ, ఈ పళ్ళెం కూడా చూడండి,” అన్నాను. “బాక్టీరియా పూసి, మందు బదులు ఉత్త నీళ్ళు పోసిన స్టీలు బిళ్ళది. ఇందులోనూ ఏమీ మొలవలేదు. నీళ్ళకే చచ్చాయా?”

రౌదా మొహం పాలిపోయింది.

డబ్బాలో మిగిలిన బిళ్ళ ఒకటి తీసి మొంజీ వాసన చూశాడు. “జావెల్ బ్లీచు! బాక్టీరియా పూయకముందే బిళ్ళమీద విషముంది. వీటిని కడిగిందెవరు?”

నేను కడిగిన బిళ్ళలమీద మరకలున్నాయని పోయినవారం రౌదా అంది. ఆ కసితో, మా ఊరు స్ఫాక్స్‌లో మేం ఇంటి గడప కడిగినట్టే, జావెల్ గుమ్మరించి తోమింది నేనే. నీళ్ళతో సరిగ్గా తొలవలేదు కూడా.

జావెల్‌కి పొట్టు లేచిన నా చేతులకేసి రౌదా చూసింది.

“నేనేనండీ,” అంది.

ఆ మాట నా నోట రానందుకు సిగ్గుపడాలి. తన నోట అంత తేలిగ్గా వచ్చినందుకు మళ్ళీ కుళ్ళుకున్నాను.